మినిట్స్ పుస్తకంలో ఉలిపికట్టె

(విజయనగరంలో కామర్స్ విద్యార్థులు, చిన్న వ్యాపారులు, పొదుపు సంఘాల మహిళల ఎదుట ఒక విశ్రాంత ఆడిటర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం ‘వ్యాపార సంస్థల్లో బాధ్యతగల పాలన, ప్రజాస్వామ్య ఆరోగ్యం’. కరపత్రం ఇంటికి పట్టుకెళ్తే మా ఆవిడ చదివి, ‘దీనికి ఎవరు వస్తారండీ, కాఫీ ఇస్తామని కూడా రాయలేదు’ అంది. వచ్చారు. కుర్చీలు చాలక వెనక నిలబడినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కాళ్లను తలుచుకుని త్వరగా ముగిస్తానని మాట ఇస్తున్నాను. అయితే ఆడిటర్ ఇచ్చిన మాటకు కూడా రుజువు అడగాలి, గుర్తుంచుకోండి.

నేను పండితుణ్ని కాను. ముప్పై అయిదేళ్లు ఇతరుల లెక్కలు చూసి బతికినవాణ్ని. రైస్ మిల్లులు, నూనె మిల్లులు, పలాస వైపు జీడిపప్పు పరిశ్రమలు, సహకార సంఘాలు, రెండు మూడు లిమిటెడ్ కంపెనీలు. అందుచేత నాకు తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. అంటే గోదాము నుంచి.

అప్పటికి నేను ఆర్టికల్స్ చేస్తున్నాను, అంటే ఒక ఆడిటర్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. మా సీనియరుగారు స్టాకు లెక్క చూసి రమ్మని ఒక రైస్ మిల్లుకు పంపారు. శ్రీకాకుళం వైపు మిల్లు, అంతకుమించి చెప్పను. బ్యాంకు అప్పంతా ఆ స్టాకు మీదే ఉంది. గోదాములో బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పొడవు ఇన్ని, వెడల్పు ఇన్ని, ఎత్తు ఇన్ని అని గుణించి కాగితం మీద వేసుకున్నాను. యజమాని కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చాడు. తాగి బయటికి వస్తుంటే గుమాస్తా, యాభై దాటిన మనిషి, చెవి మీద కలం పెట్టుకుని నా పక్కనుంచి నడిచిపోతూ, నా వైపు చూడకుండానే, ‘బాబూ, మూడో వరస’ అన్నాడు. అంతే. ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

ఏదో మరిచిపోయినట్టు నటించి మళ్లీ లోపలికి వెళ్లాను. బస్తాలోంచి గింజలు తీసే ఇనుప గొట్టం ఉంటుంది కదా, అది అడిగి తీసుకున్నాను. ముందు రెండు వరసల మధ్య సందులోంచి చెయ్యి పోనిచ్చి మూడో వరసలో గుచ్చాను. గొట్టంలోకి బియ్యం రాలేదు, ఊక వచ్చింది. నాలుగో వరసలోనూ ఊకే. అరచేతిలో ఆ ఊక పోసుకుని నిలబడితే నాకు కాళ్లలో వణుకు పుట్టింది. తప్పు చేసింది ఆయన, వణికింది నేను.

చూసింది చూసినట్టు రాశాను. సీనియరుగారు సంతకం పెట్టారు. బ్యాంకు మేనేజరు చదివాడు. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. మరుసటి నెల మిల్లుకు వెళ్లేసరికి ఆ గుమాస్తా లేడు. ఎవరు చెప్పారో నేను ఎవరితోనూ అనలేదు. అననక్కర్లేదు కూడా. మూడో వరస సంగతి తెలిసినవాళ్లు ఆ మిల్లులో ముగ్గురే. కొన్నేళ్ల తర్వాత ఆయన బస్టాండు దగ్గర కనిపించాడు. ఒక కిరాణా కొట్టులో సగం జీతానికి పద్దులు రాస్తున్నాడు. ‘మీరు రాసింది మంచిదే బాబూ’ అన్నాడు. ఆ ‘మంచిదే’ అనే మాట బరువు నాకు ఇంకా దిగలేదు.

ఇప్పుడు 2013 కంపెనీల చట్టంలో 177వ సెక్షన్ ఉంది. లిస్టెడ్ కంపెనీల్లో, అంటే షేర్ మార్కెట్లో వాటాలు అమ్ముడయ్యే కంపెనీల్లో, లోపల జరిగే తప్పు గురించి ఉద్యోగి ఫిర్యాదు చేసుకోవడానికి ఒక ఏర్పాటు ఉండాలి, అలా చెప్పినవాడిని వేధించకుండా రక్షణ ఉండాలి, అవసరమైతే అతను నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌నే కలవగలగాలి అంటుంది. మా గుమాస్తాకు ఇదేమీ అందలేదు. ఆయన పనిచేసింది భాగస్వామ్య మిల్లులో, అదీ ఆ చట్టం పుట్టడానికి చాలా ఏళ్ల ముందు.

అప్పటినుంచి ఏ సంస్థ లెక్కలకు వెళ్లినా బ్యాలెన్స్ షీటు విప్పే ముందు ఒక సంగతి వాకబు చేయడం నాకు అలవాటైంది. ఇక్కడ ‘కాదు’ అన్నవాడు ఎవరైనా ఉన్నాడా? ఉంటే ఇప్పుడు ఎక్కడున్నాడు?

మనకొక సామెత ఉంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మనం దాన్ని ఎగతాళికే వాడతాం. ఇంట్లో పెళ్లి సంబంధం విషయంలో ఎదురు మాట్లాడిన మేనమామ ఉలిపికట్టె. పంచాయతీలో సంతకం పెట్టను అన్న వార్డు మెంబరు ఉలిపికట్టె. అయితే చట్టం ఈ ఉలిపికట్టెను సామెత కంటే గౌరవంగా చూసింది. ఆ 2013 చట్టంలోనే 118వ సెక్షన్ చూడండి. చదివితే నిద్రొచ్చే సెక్షన్. సమావేశాల మినిట్స్, అంటే అక్కడ ఏం జరిగిందో రాసే పుస్తకం, ఎలా రాయాలో చెబుతుంది. ముప్పై రోజుల్లోగా రాయాలి, పేజీలకు వరసగా అంకెలు వేయాలి, ఇలాంటివి. వాటి మధ్యలో ఒక చిన్న నిబంధన దాక్కుని ఉంది. బోర్డు తీర్మానాన్ని ఏ డైరెక్టరైనా వ్యతిరేకించినా, సమ్మతి తెలపకపోయినా ఆ పేరు మినిట్స్‌లో ఉండాలి. స్వతంత్ర డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో సంబంధం లేని బయటి డైరెక్టర్ల ప్రవర్తనా నియమావళి మరొక అడుగు ముందుకు వేసింది. కంపెనీ నడకపై నీకున్న అనుమానం తీరకపోతే, దాన్ని మినిట్స్‌లో రాయమని పట్టుబట్టు అని చెప్పింది. అడగడమే కాదు, పట్టుబట్టాలట. ఉలిపికట్టెకు పుస్తకంలో ఒక గీత కేటాయించారన్నమాట.

ఆ గీత మీద నిజంగా రాయడం నేను ఎక్కడ చూశానో చెప్పమంటారా? గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో, పంచాయతీ ఆఫీసు వరండాలో. ఈమధ్యే. పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘం. ఇక్కడున్న అమ్మలకు పంచసూత్రాలు నేను చెప్పనక్కర్లేదు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు, వేళకు చెల్లింపు, సరైన పుస్తకాలు. ఆ రోజు అధ్యక్షురాలి కోడలికి అప్పు ఇవ్వాలన్న మాట వచ్చింది. అందరూ తలూపారు. ఒకావిడ, పొలం పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లకు మట్టి ఇంకా ఆరలేదు, ‘వదినా, నీ కోడలికి ఇవ్వొద్దని నేను అనడం లేదు. పోయిన అప్పులో రెండు వాయిదాలు ఉండిపోయాయి. అవి కట్టాక ఇద్దాం’ అంది.

వరండా అంతా ఒక్కసారి సద్దుమణిగింది. పుస్తకం రాసే అమ్మాయి, ఇంటర్ చదివిన పిల్ల, కలం ఆపి అధ్యక్షురాలి ముఖం వైపు చూసింది. ఆవిడ ముఖం గంటు పెట్టుకుని ఉంది. కాసేపటికి, ‘చూస్తావేమే, ఆవిడ అన్నది కూడా రాయి’ అంది. ఆ పిల్ల రాసింది. ‘ఫలానా వారు ఒప్పుకోలేదు, కారణం పాత వాయిదాలు’ అని ఒక వరస. అప్పు పై నెలకు వాయిదా పడింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఇళ్లకు వెళ్లారు, అది కూడా చూశాను. పై సమావేశానికి ఇద్దరూ వచ్చారని తర్వాత విన్నాను.

అన్ని సంఘాలూ ఇలాగే ఉంటాయని నేను అనను. ముందే సంతకాలు పెట్టించుకుని, తీర్మానం తర్వాత తీరుబడిగా రాసుకున్న రిజిస్టర్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. సభ్యుల పేరున అప్పు తెచ్చి ఇంకెవరో తినేసిన కథలు మీకు నాకంటే బాగా తెలుసు. ఆ వరండాలో మాత్రం పాలన అంటే ఏమిటో కళ్లతో చూశాను.

ఆ వరండా పక్కన ఒక పెద్ద గది పెట్టి చూద్దాం. 2008 డిసెంబరు 16, సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశం. ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని ప్రతిపాదన. మేటాస్ అంటే సత్యం అనే పేరును ఇంగ్లీషులో తిరగేసి రాసిందే. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బు తీసుకెళ్లి సొంత కుటుంబం వారి స్థలాల కంపెనీలో పెట్టడమన్నమాట. బోర్డులో ఎవరున్నారు? భారత ప్రభుత్వంలో కేబినెట్ కార్యదర్శిగా చేసిన ఆయన. పేరున్న బిజినెస్ స్కూలు డీన్. హార్వర్డ్ ప్రొఫెసర్. పెంటియం చిప్ పితామహుడని పేరు పొందిన ఇంజనీరు. ఇంతకన్నా చదువుకున్న గది దేశంలో దొరకడం కష్టం. ప్రశ్నలు కొన్ని వచ్చాయట. చివరకు తీర్మానం మాత్రం ఏకగ్రీవం. ఆ పొలం నుంచి వచ్చినావిడ లాంటి మనిషి ఒక్కరు ఆ బల్ల దగ్గర లేకపోయారు.

కాదన్నది ఎవరంటే, బయట ఉన్న మదుపరులు. న్యూయార్కులో షేరు సగానికి పైగా పడిపోయింది. కొద్ది గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజుగారి ఉత్తరం వచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని రాశారు. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దాని నోట పడకుండా దిగడం ఎలాగో తెలియలేదని కూడా రాశారు. ఆ పోలిక అందరికీ గుర్తుండిపోయింది. నాకు మాత్రం మా గోదాము గుర్తొచ్చింది. అక్కడా ముందు రెండు వరసలు బియ్యమే. మూడో వరసలో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఊక.

నా వృత్తివాళ్ల గురించి కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతం అంటారు. బ్యాంకులో డబ్బు ఉందో లేదో ఆడిటర్ నేరుగా బ్యాంకునే అడిగి తెలుసుకోవాలి. కంపెనీ చేతికిచ్చిన కాగితం చూసి టిక్కు పెట్టకూడదు. ఇది ఆర్టికల్స్‌లో చేరిన కుర్రాడికి మొదటి నెలలో నేర్పే పని. అంతర్జాతీయ పేరున్న ఆడిట్ సంస్థ ఆ పని సరిగా చేయలేదు. ఇంకొక విడ్డూరం వినండి. ఈ ఉత్తరానికి నాలుగు నెలల ముందే, 2008 సెప్టెంబరులో, ఉత్తమ కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు ఆ కంపెనీకి దక్కింది. (నవ్వులు) నవ్వకండి. కమిటీలు ఉన్నాయి, స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు, వార్షిక నివేదిక ముద్దుగా ఉంది. అవార్డు ఇచ్చేవాళ్లు చూసేది అవే కదా. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజుగారితో కలిపి పది మందిని దోషులుగా తేల్చింది, వాళ్లు అప్పీలుకు వెళ్లారు. కొత్త బోర్డును వేసి, కంపెనీని టెక్ మహీంద్రాకు అప్పగించి, యాభై వేలకు పైగా ఉద్యోగులను గట్టెక్కించింది ప్రభుత్వమే. ఆ పని మాత్రం చక్కగా జరిగింది.

ఇప్పటిదాకా కంపెనీ లోపలి గొడవే చెబుతున్నాను, ప్రజాస్వామ్యం ఎక్కడ అని మీలో కొందరు అనుకుంటున్నారు. ముందు వరసలో ఆ కుర్రాడి ముఖంలో కనిపిస్తోంది. అదే కథలో ఉంది బాబూ.

2008లోనే హైదరాబాదు మెట్రో రైలు కట్టే పని మేటాస్ నాయకత్వంలోని బృందానికి దక్కింది. మామూలుగా ఇలాంటి పనికి కంపెనీలు ప్రభుత్వాన్ని డబ్బు అడుగుతాయి. వీళ్లు ఎదురు మేమే వేల కోట్లు ఇస్తామన్నారు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్‌గారికి అనుమానం వచ్చింది. మెట్రో పేరుతో ఇచ్చే విలువైన భూములే ఇక్కడ అసలు సంగతని, ఇది ముందుముందు రాజకీయ కుంభకోణం అవుతుందని ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? లెక్కలు తిరగేసిందా? క్షమాపణ చెప్పమంది, లేకపోతే పరువునష్టం దావా వేస్తామంది. సత్యం కూలాక ఆ బృందం డబ్బు సమకూర్చుకోలేకపోయింది. 2009లో కాంట్రాక్టు రద్దయింది.

అంటే గుమాస్తా ‘మూడో వరస’ అన్నాడు, ఉద్యోగం పోయింది. శ్రీధరన్‌గారూ ఆ మాటే అన్నారు. ఆయన పెద్ద మనిషి కనుక నోటీసు బెదిరింపుతో సరిపోయింది. మిల్లు యజమానిదీ, ప్రభుత్వానిదీ ఒకే కోపం. లోపల ప్రశ్న అడగనివ్వని వ్యాపారం బయటికి వచ్చాక ప్రశ్న అడగని ప్రభుత్వాన్ని వెతుక్కుంటుంది. దొరక్కపోతే తయారు చేసుకుంటుంది. తయారు చేయడానికి కావలసిన సరుకు ఒకటే, డబ్బు.

దీన్ని ఎప్పుడో పసిగట్టారు ఒక న్యాయమూర్తి. 1957లో టాటా స్టీలు కంపెనీ రాజకీయ పార్టీలకు విరాళాలు ఇచ్చుకోవడానికి తన నిబంధనలు మార్చుకుంటే, ఆ కేసు బొంబాయి హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లాగారి ముందుకు వచ్చింది. చట్టం ఒప్పుకుంటోంది కనుక అనుమతించారు. అనుమతిస్తూనే, ఈ పద్ధతి పెరిగితే ప్రజాస్వామ్యం గొంతు నులిమేయగలదని హెచ్చరించి, పార్లమెంటు దీని సంగతి చూడాలన్నారు. 1969లో కంపెనీ విరాళాలను పూర్తిగా నిషేధించారు. విరాళాలు ఆగాయా? బల్ల మీద నుంచి బల్ల కిందికి వెళ్లాయి. 1985లో మళ్లీ తలుపు తీశారు. 2013 చట్టం ఒక హద్దు పెట్టింది. గడిచిన మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించకూడదు, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లాభనష్టాల ఖాతాలో చూపించాలి. 2017లో ఆ హద్దు తీసేశారు. పార్టీ పేరు చెప్పనక్కర్లేదన్నారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వవచ్చన్నారు. మరుసటి ఏడాది ఎన్నికల బాండ్లు వచ్చాయి, అంటే ఇచ్చినవాళ్ల పేరు బయటికి తెలియకుండా బ్యాంకులో కొని పార్టీకి ఇచ్చే పత్రాలు.

ఒక్క నిమిషం ఆడిటర్‌గా ఆలోచించండి. నష్టాల్లో ఉన్న కంపెనీ విరాళం ఇస్తే అది ఎవరి సొమ్ము? అప్పిచ్చిన బ్యాంకుదా, జీతం రావలసిన కార్మికుడిదా, సరుకిచ్చి బిల్లు కోసం తిరుగుతున్న చిన్న వ్యాపారిదా? నా చేతికి అలాంటి ఖాతా వస్తే మొదట అడిగే ప్రశ్న అదే.

ఇక మీ సంగతి. ఇక్కడ నెలనెలా మ్యూచువల్ ఫండుకు వెయ్యో రెండు వేలో కట్టేవాళ్లు ఎంతమంది? చేతులు చాలానే లేచాయి. మీరు తెలియకుండానే పదుల కొద్దీ కంపెనీలకు చిన్న చిన్న యజమానులు. ఆ బాండ్ల రోజుల్లో మీ సొమ్ములోంచి ఏ పార్టీకి ఎంత వెళ్లిందో వాటాదారుగా మీకు తెలిసేది కాదు. అదే మీరు ఓటేయడానికి వెళ్లినప్పుడు, మీరు ఓటేసే పార్టీ వెనక ఏ కంపెనీ ఉందో తెలిసేది కాదు. మనిషి ఒక్కడే, రెండు కళ్లకూ గంతలు కట్టారు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ బాండ్ల పథకాన్ని కొట్టేసింది. హద్దు తీసేసిన సవరణనూ కొట్టేసింది. కంపెనీలు ఇచ్చే విరాళం ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార వ్యవహారమని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తన తీర్పులో రాశారు. దుకాణం నడిపే మీకు ఇది వింతగా తోచదు. ఊరికే ఎవరిస్తారు? అప్పటికి సుమారు 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడయ్యాయి. మార్చిలో పేర్లు బయటపడ్డాయి. అన్నిటికంటే ఎక్కువ, 1,368 కోట్లు, కొన్నది ఒక లాటరీ కంపెనీ. దేశాన్నేలే పార్టీ నుంచి మన రాష్ట్రంలోని పెద్ద పార్టీల దాకా పుచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కనుక ఇక్కడ ఎవరూ ఎవరి వైపూ వేలు చూపించనక్కర్లేదు.

ఢిల్లీ నుంచి సోంపేటకు వద్దాం. ఇది చెప్పకుండా ఈ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ అంశం మీద మాట్లాడడం దొంగతనమే.

సోంపేట బీల మీలో చాలామంది చూసే ఉంటారు. చిత్తడి నేల, చేపలు, చుట్టూ ఆ నీటితో పండే పొలాలు. అక్కడ ఒక పెద్ద నిర్మాణ సంస్థ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం పెడతానంది. కాగితాల మీద ఆ నేల పనికిరాని బంజరు. రైతులు, మత్స్యకారులు నెలల తరబడి మొత్తుకున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అదే రోజు! ఉదయం ఇక్కడ ఏ మాట అన్నందుకు తూటాలు తగిలాయో, ఆ మాటే అక్కడ తీర్పు అయింది. ఏడు నెలలకు, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లిలో ఇంకో విద్యుత్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

పోలీసుల గురించి, నాయకుల గురించి అప్పట్లో చాలా రాశారు. నా దృష్టి వేరే చోట ఉంది. ఆ కంపెనీలకూ బోర్డులు ఉన్నాయి కదా. బంజరు అని రాసిన కాగితం ఆ బల్ల మీదికి వచ్చినప్పుడు, ‘ఒకసారి సోంపేట వెళ్లి కాళ్లు తడుస్తాయో లేదో చూసి వద్దాం’ అన్న డైరెక్టరు ఉండి ఉంటే? మూడో వరసలో గొట్టం గుచ్చి చూడడమంటే అదే. 2013 చట్టం 166వ సెక్షన్ డైరెక్టరు బాధ్యత ఏమిటో చెబుతూ వాటాదారులతో ఆగలేదు. ఉద్యోగులు, చుట్టూ ఉన్న సమాజం, పర్యావరణం, వీటి మేలు కూడా చూడమంది. సోంపేట నాటికి అది లేదు. ఇప్పుడుంది. భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు, పైడిభీమవరం మందుల కంపెనీలు, ఇలా మన చుట్టూ బోర్డులు పెరుగుతున్నాయి. ఆ సెక్షన్ వాళ్లకు గుర్తు చేసే పని ఎవరో ఒకరు చేయాలి.

సామాజిక బాధ్యత నిధుల సంగతి రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. మంచిదే, బడులు బాగుపడ్డాయి. అయితే ఒక ఊళ్లో బోర్ల నీళ్లు రంగు మారాయని జనం గొడవ చేస్తే, ఆ పక్క కంపెనీ మంచినీళ్ల ప్లాంటు కట్టించి తన పేరు పెద్ద అక్షరాల్లో రాయించుకుంది. రెండు శాతానికి చప్పట్లు కొట్టించుకుని మిగతా తొంభై ఎనిమిది ఎలా సంపాదించారో అడగనివ్వకపోవడం కూడా ఒక రకం అకౌంటింగే.

ఎవరో ఏదో అడుగుతున్నారు, మైకు ఇవ్వండి. (సభలోంచి: మాస్టారూ, ఇన్ని ప్రశ్నలు వేస్తే మన వెనకబడిన జిల్లాలకు కంపెనీలు వస్తాయా? మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి కదా.)

కావాలండీ. మా అబ్బాయి కూడా బెంగళూరులోనే ఉన్నాడు. జూట్ మిల్లుకు లాకౌట్ బోర్డు పడితే ఆ వీధిలో టీ కొట్టు కూడా ఎలా మూతపడుతుందో నెల్లిమర్ల వాళ్లను అడగండి. ఉద్యోగం విలువ నేను తక్కువ చేయడం లేదు. నా ముప్పై అయిదేళ్లలో ప్రశ్నకు జడిసి పారిపోయిన నిజమైన వ్యాపారిని మాత్రం చూడలేదు. బ్యాంకు ఎన్ని ప్రశ్నలు వేస్తుంది! ఒక్కరైనా అప్పు వద్దని లేచి వెళ్లారా? సోంపేటలో ప్రశ్నలు ముందే విని ఉంటే ఆ కంపెనీకి కూడా ఏళ్లు, డబ్బు మిగిలేవి. ఆ కేంద్రం ఎలాగూ రాలేదు.

అడిగే చోటు ఎక్కడో కూడా చెప్పేస్తాను, అసలు పని అది. కాలుష్యం తెచ్చే పెద్ద పరిశ్రమలకు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, కొన్నిటికి మినహాయింపులు ఉన్నాయి. ముప్పై రోజుల ముందు రెండు పత్రికల్లో నోటీసు వేయాలి, అందులో ఒకటి తెలుగు పత్రిక. పర్యావరణం మీద ప్రభావం గురించి కంపెనీ ఇచ్చిన నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడవచ్చు. వెళ్లి అడిగితే ‘ఎందుకు’ అంటారు. చదువుకోవడానికి అనండి. సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. మొత్తం వీడియో తీయాలి.

ఒక తేడా గమనించండి. అయిదు వేలకు పైగా సభ్యులున్న పబ్లిక్ కంపెనీ సర్వసభ్య సమావేశానికి ముప్పై మంది కోరం, అంటే కనీస హాజరు, కావాలి. నేను ఒక కంపెనీ సభకు వాటాదారుగా వెళ్తే, ముగ్గురు లేచి ఛైర్మన్‌గారి మీద పద్యాలు చదివి కూర్చున్నారు. కోరం మాత్రం పూర్తిగా ఉంది. మీ ఊరి ప్రజాభిప్రాయ సేకరణకు కోరమే అక్కర్లేదని నోటిఫికేషన్‌లో రాసి ఉంది. మీరు ఒక్కరూ రాకపోయినా సభ జరిగినట్టే లెక్క.

సభ చివర మరొక నియమం ఉంది, చాలామందికి తెలియదు. ఎవరెవరు ఏమన్నారో ఆ సారాంశాన్ని అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. దాని మీద అధికారి అదే రోజు సంతకం పెట్టాలి. మన వాళ్లు ఏం చేస్తారంటే, మైకు దగ్గర ఆవేశంగా మాట్లాడేసి, పొద్దు వాలుతోందని, బస్సు తప్పిపోతుందని లేచిపోతారు. చదివేటప్పటికి కుర్చీల్లో కంపెనీ వాళ్లు, పోలీసులు మిగులుతారు. మీరు అన్న మాట ‘స్థానికులు ఉపాధి కోరారు’ అని మారిపోయినా కాదనేవాడు ఉండడు. బస్సు పోతే పోనివ్వండి, ఇంకొకటి వస్తుంది. చదివి వినిపించేదాకా కూర్చోండి. మీరన్నది లేకపోతే లేచి, ‘రాయండి’ అనండి. ఆ పొదుపు సంఘం ఆవిడ మాట పుస్తకంలోకి ఎక్కింది ఆవిడ అక్కడే కూర్చుని ఉంది కనుక.

నాకు ఇచ్చిన సమయం ఎప్పుడో అయిపోయింది, చీటీ కూడా పంపారు. వెనక నిలబడిన అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతోంది. ఏమమ్మా? నేను చెప్పినదానితో నీకు పేచీ ఉన్నట్టుంది. మైకు అటు ఇవ్వండి.